రెండు సీట్లు జరిగిన బటన్

నేను ఒక బటన్‌ని. చొక్కాకు కుట్టేదాన్ని కాదు, పోకర్ బల్ల మీద తిరిగేదాన్ని. ఈ క్షణాన ఉండకూడని చోట ఉన్నాను.

"ఇప్పుడే చిన్న బ్లైండ్ పెట్టాను. వెంటనే పెద్దది కూడా నేనే ఎలా పెడతానయ్యా?" క్లబ్ అధ్యక్షుడు కోదండపాణి బల్ల గుద్దాడు. నేను అదిరిపడ్డాను. "టీకి లేచేటప్పుడు బటన్ నా ముందుంది. ఇప్పుడు హైమవతి ముందుంది. నడుచుకుంటూ పోయిందా?"

"మీ ముందే పెట్టాను బాబూ, దేవుడి తోడు," అన్నాడు ముక్కలు పంచే సన్యాసిరావు.

నేను నడవలేదు. నన్ను ఎత్తారు. ఎత్తిన చేతి ఉంగరం నా అంచును గీకింది కూడా. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. లేనిదల్లా నోరే.

నా పుట్టుక ఏమంత ఘనమైంది కాదు. విశాఖలో ఒక లేత్ షాపువాడు క్యారమ్ స్ట్రయికర్లు చేయగా మిగిలిన తెల్లముక్కను గుండ్రంగా తిప్పి, మీద డీలర్ గుర్తుగా 'డి' అని చెక్కాడు. చేయించుకున్న ఓడ ఇంజనీరుతో ఆరేళ్లు సముద్రాలు తిరిగాను. మోకాళ్ల నొప్పులొచ్చి ఆయన ఆట మానేశాక, నన్ను ఈ క్లబ్బుకిచ్చాడు. ఇక్కడ డబ్బు ఆడరు, ఉత్త బిళ్లలే. కానీ ఈ ఆదివారం గెలిచినవారిని క్లబ్ తరఫున గోవా పోటీకి పంపుతారు.

నా ఉద్యోగం చిన్నది. నేను ఎవరి ముందుంటే వారి ఎడమ పక్క ఇద్దరూ ముక్కలు చూడకముందే బిళ్లలు పెట్టాలి. మొదటివారిది చిన్న బ్లైండ్, రెండోవారిది పెద్ద బ్లైండ్. ఆటకో సీటు చొప్పున జరుగుతాను కాబట్టి వంతు ఎవరికీ తప్పదు.

ఇక్కడివాళ్లంతా రమ్మీ ఆడి వచ్చినవాళ్లు. వచ్చే ముక్క కోసం కాచుకు కూర్చోవడం వాళ్ల అలవాటు. పందెం పెంచరు. ఎదుటివారు పెట్టినంతే పెట్టి చూస్తూ కూర్చుంటారు. పెద్ద బ్లైండ్ వంతు వస్తే కరెంటు బిల్లు అందుకున్నట్టు ముఖం పెడతారు.

హైమవతి అలా కాదు. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా చేసింది. పెద్ద బ్లైండ్ తనదైనప్పుడు తొలి విడతలో చివరి మాట తనదే. అప్పటికే మిగతా ముగ్గురూ తలో బిళ్ల పెట్టి ఎదురుచూస్తుంటారు. "ఏటండీ, అందరూ ఊరికే ఎక్కి కూచున్నారు? టికెట్లు తీయండి!" అంటూ పందెం ఒక్కసారిగా ఆరింతలు చేసేది. ముగ్గురూ ముక్కలు పడేసేవారు. ఒకసారి ఆమె ముక్కల కొన నా మీదికి వాలితే చూశాను: ఏడు, రెండు! అంతకన్నా చెత్త జంట పేకలో లేదు.

కోదండపాణి ఎడమ పక్క కూర్చునే విశ్వపతి ఏ ఆరునెలలకో గట్టి ముక్కలొచ్చి పందెం పెంచితే మాత్రం, "మీ కాడ పాసుంది సార్," అని నవ్వి తప్పుకునేది.

ఇప్పుడు నవ్వడం లేదు.

"రూలు తెలుసుగా. బటన్ జరిపినవారు ఆట నుంచీ, క్లబ్ నుంచీ బయటికే," అన్నాడు కోదండపాణి. "తర్వాతి పెద్ద బ్లైండ్ నీది. తప్పించుకుంది నువ్వు."

"చెకింగ్ వాళ్లు వందసార్లు ఎక్కుంటారు నా బస్సు," అంది హైమవతి. "ఒక్క కేసు లేదు నా మీద. ఈ వయసులో దొంగ పేరు పడితే గోవా ఎందుకు, ఇల్లు కదలను."

డాక్టర్ సుగుణాకర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "మేమంతా బాల్కనీలో ఉన్నాం. ముందెవరు లోపలికొచ్చారో చూడలేదే."

విశ్వపతి మెత్తగా కల్పించుకున్నాడు. "పోనిద్దురూ. పాపం, బ్లైండంటే ఎవరికైనా భయమే కదా. తెలియక జరిపి ఉంటారు."

హైమవతి ఆయన వంక చూసింది. తర్వాత నన్ను చేతిలోకి తీసుకుంది.

"ప్రెసిడెంటుగారూ, పొద్దుట్నుంచి మీ బిళ్లలు ఎక్కడ కూచుని లాగాను?"

కోదండపాణి ఆలోచించాడు. "పెద్ద బ్లైండ్‌లో."

"డాక్టరుగారివి?"

"అక్కడే," అన్నాడు డాక్టరు, కాస్త సిగ్గుపడుతూ.

"నిండుగా జనం ఎక్కే స్టాపు అది. దాన్ని నేనొదిలి ముందుకెల్తానా? మీరంతా నాకన్నా ముందు బిళ్లలేసి, నేను గదమగానే దిగిపోయే చోటు! నా బండి నేనే తప్పించుకుంటానా?"

సన్యాసిరావు నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు.

"బటన్ ఇక్కడికొస్తే ఈ ఆటలో బ్లైండ్ తప్పేది ఇద్దరికి. ఒకటి నేను, నాకా అక్కర్లేదు. ఇంకొకరు ప్రెసిడెంటుగారి ఎడమ పక్క కూచుని చిన్న బ్లైండ్ పెట్టాల్సినవారు. బ్లైండంటే తనకి భయం కాబట్టి నాకూ భయమే అనుకున్నారు. నేను తప్పించుకున్నానంటే అందరూ నమ్మేస్తారనుకున్నారు."

ఆమె నన్ను మళ్లీ కోదండపాణి ముందు, నా అసలు చోటులో పెట్టింది. అప్పుడు విశ్వపతి చెయ్యి నాకు బాగా కనిపించింది. పచ్చరాయి ఉంగరాన్ని గుండ్రంగా తిప్పుకుంటోంది. ఆయన చూపు మాత్రం కిటికీ అవతల, హార్బర్‌లో కదలని ఓడ మీద ఉంది.

"టికెట్ లేనోళ్లందరూ కిటికీలోంచే చూస్తారు సార్," అంది హైమవతి. "దిగండి విశ్వపతిగారూ. బటన్ జరిపింది మీరే."