తెల్లసొన

వసుమతి పెట్టిన చుక్క ఏనాడూ గ్రాఫు గడి దాటలేదు. బీయస్సీలో రికార్డు పుస్తకాలూ అంత శుభ్రంగానే రాసేది. పొద్దున్నే పక్క దిగకుండా థర్మామీటరు నాలుక కింద పెట్టుకుని, అయిదు నిమిషాలు కదలకుండా పడుకుని, అంకె చూసి పెన్సిలుతో చుక్క పెట్టేది. పెళ్ళయి అయిదేళ్ళు, అమెరికాలో ఈ ఎడిసన్ ఊరు వచ్చి నాలుగేళ్ళు, ఈ చుక్కలు మొదలుపెట్టి ఏడు నెలలు. కడుపు మాత్రం పండలేదు.

ఒంటి వేడి పెరిగిన రోజున భర్త గోపాల్‌కి చెప్పేది. అతను ఆఫీసు నుంచి పెందలాడే రైలెక్కి వచ్చేసేవాడు. నెల తిరిగేసరికి మళ్ళీ మామూలే.

డాక్టరమ్మ ఆ కాగితాలు చూసి మెచ్చుకుంది. మెచ్చుకుని, వేడి పెరిగేసరికే అండం విడుదలైపోతుందనీ, అంతకు రెండు మూడు రోజుల ముందు వచ్చే గుర్తు కనిపెట్టాలనీ చెప్పి ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. ఆ రోజుల్లో అయ్యే స్రావం పచ్చిగుడ్డు తెల్లసొనలా ఉంటుందని అందులో ఉంది.

వసుమతి పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ గుడ్డు గడప తొక్కలేదు. ఆమె చూసిందల్లా పార్టీల్లో పక్కవాళ్ళ ప్లేట్లలోని ఉడికిన గుడ్లు. తెల్లసొన అంటే ఆ గట్టి తెలుపే అనుకుంది. రెండు నెలలపాటు ఆ తెలుపు కోసమే చూసింది. కనబడలేదు. తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని నిశ్చయించుకుంది.

చివరికి ఒక ఆదివారం, ఎదురింటి ప్రేమజ్యోతి చర్చి నుంచి వచ్చేదాకా ఆగి, వెళ్ళి తలుపు తట్టింది.

"అక్కా, ఒక గుడ్డు పగలగొట్టి చూపిస్తావా?"

"గుడ్డా! తింటావేంటే? మీ అత్తగారికి ట్రంక్ కాల్ బుక్ చేయమంటావా?"

"తినడానికి కాదక్కా."

వసుమతి పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. చదువుతూ చదువుతూ ప్రేమజ్యోతి నవ్వు ఆపేసింది. ఫ్రిజ్‌లోంచి గుడ్డు తీసి, పళ్ళెంలో పగలగొట్టింది.

"ఉడికితేనే తెల్లగా అయ్యేది. పచ్చిది ఇదిగో, ఇలా ఉంటుంది." రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లాగింది. గాజు దారంలా అంగుళం సాగింది. రెండంగుళాలైనా తెగలేదు.

నీచువాసన మరిచిపోయి వసుమతి ముందుకు వంగింది. ఆమెకు కొత్తది కాదు. దాదాపు ప్రతి నెలా వేడి పెరగడానికి ముందు రోజుల్లో చూస్తున్నదే.

"నేనిది జబ్బనుకున్నానక్కా."

"ఎవరితోనైనా చెప్పావా?"

"ఎలా చెప్పను? ఆ రెండు మూడు రోజులూ నడుంనొప్పని ఆయన్ని అవతల గదిలో పడుకోమనేదాన్ని."

తన మాట తన చెవిన పడ్డాక ఆమె కళ్ళు నిండాయి.

ప్రేమజ్యోతి చేతులు కడుక్కొచ్చి పక్కన కూర్చుంది. "మాకు మాత్రం ఎవరు చెప్పారే? ఇద్దరు పుట్టాక కూడా నాకిది తెలీదు. ఏడవకు. ఇకనుంచి ఆయన్ని ఆ గదికి తోలకు, చాలు."

"మరి ఈ గుడ్డు?"

"ఆమ్లెట్ వేసుకుంటాను. నీ చదువు, నా టిఫిను."

తర్వాతి బుధవారం పొద్దున గోపాల్ టై కట్టుకుంటుంటే వసుమతి గుమ్మంలో నిలబడింది. "ఏమండీ, ఇవాళ త్వరగా వచ్చేయండి."

"వేడి పెరిగిందా?"

"లేదు. పెరక్కముందే రావాలి."

అతనికి అర్థం కాలేదు. అయినా వచ్చాడు.

ఆ నెల ఫలించలేదు. మరుసటి నెలా ఫలించలేదు. మూడో నెలలో పెరిగిన వేడి ఎప్పటిలా పన్నెండో రోజున దిగలేదు. పదిహేనో రోజునా దిగలేదు. వేడి అలా దిగకుండా ఉంటే కడుపు నిలిచినట్టేనని డాక్టరమ్మ పుస్తకంలో ఉంది. గోపాల్‌తో అంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని ఊరుకుంది. ఇరవయ్యో రోజున థర్మామీటరు రెండుసార్లు విదిలించి మళ్ళీ చూసుకుంది. అంకె మారలేదు.

పెన్సిలు అందుకుంది. చుక్క గడి దాటి పక్కగీత మీద పడింది. వసుమతి దాన్ని చెరపలేదు. పక్కకి తిరిగి గోపాల్‌ని లేపింది.