కళ్లజోడులో పడిపోయినవాడు

మా ప్రయోంగ్ బావ పన్నెండో అంతస్తు నుంచి పడి చచ్చిపోయాడు. పడింది కళ్లజోడులో, మనిషి మాత్రం మా షెడ్డు నేలమీదే ఉన్నాడు. ఖోన్‌కెన్ పట్నంలో మేం కడుతున్న హోటలుకి భద్రత నేర్పడానికని కంపెనీ పంపిన దిక్కుమాలిన జోడు అది. పెట్టుకుంటే కళ్లచుట్టూ బొమ్మ కదిలి, నిజంగా పరంజా మీద ఉన్నట్టే ఉంటుంది. నడుముతాడు కొక్కెం తగిలించకుండా అడుగేస్తే పడిపోతాం. బావ బయట ఏనాడూ తగిలించలేదు, అక్కడా తగిలించలేదు.

జోడు తీశాక మనిషి నీరుగారిపోయాడు. తిండి లేదు, పరంజా మొదటి మెట్టు దగ్గరే వెనక్కి తిరిగి వచ్చేస్తున్నాడు. సోమవారం పరంజా ఎక్కకపోతే పనిలోంచి తీసేస్తామన్నారు.

జడుసుకున్నవాడి జీవుడు పడ్డచోటే ఉండిపోతాడని మాలో ఎవరికి తెలియదు? చేపలవలలో అన్నంముద్ద, గుడ్డు పెట్టుకుని అక్కడికే వెళ్లి, పేరుపెట్టి పిలిచి, తోడి తెచ్చుకోవాలి.

బావ పెళ్లాం లమ్‌దువన్ అక్క వల పట్టుకుని షెడ్డుకొచ్చింది. "ఏదీ ఆ జోడు?"

"అదంతా ఉత్త బొమ్మ, వదినా!" అన్నాడు సేఫ్టీ ఆఫీసర్ పియపొంగ్.

"ఉత్త బొమ్మకే మా ఆయన ఇలా అయ్యాడా? తే ఇటు!"

అక్కకి ఎత్తంటే చచ్చే భయం. బల్బు మార్చడానికి స్టూలు కూడా ఎక్కదు. జోడు పెట్టుకోగానే "అమ్మో!" అని నేలమీద పాకడం మొదలెట్టింది. మాలో ఒక్కడూ నవ్వలేదు. బావ వెనకనుంచి ఆమె చొక్కా రెండు చేతులా పట్టుకున్నాడు.

"కొక్కెం, వదినా! ముందు కొక్కెం తగిలించు!" ఉత్త బొమ్మన్న ఆఫీసరే చెమటలు కక్కుతూ అరిచాడు.

తగిలించింది. అంచుదాకా పాకి, ఏడుస్తూ పిలిచింది. "ప్రయోంగ్ జీవుడా, రావయ్యా! గాలిలో వేలాడింది చాలు. నీకిష్టమైన బొప్పాయి పచ్చడి దంచాను, చేపలు కాల్చాను. ఇంటికి పోదాం రా!"

వల విసిరింది. అది ఆఫీసర్ నెత్తిన పడింది.

"దొరికాడు, లాగండి!" అని అరిచింది అక్క.

"నేను, వదినా, నేను!"

"నువ్వూ రా, పోయేదేముంది!"

తర్వాత, వచ్చిన జీవుడు మళ్లీ పోకుండా బావ మణికట్టుకి తెల్లదారం కట్టింది. బావ కంచం ఖాళీ చేసి మళ్లీ పెట్టమన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి?

సోమవారం బావ పరంజా ఎక్కాడు. ఎక్కగానే కొక్కెం తగిలించి, లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు.

"ఏం బావా, జోడు బుద్ధి చెప్పిందా?" కిందనుంచి అరిచాను.

"జోడు మొహం! నేను పడితే మళ్లీ మీ అక్కే ఇంత పైకి రావాలి కదరా," అన్నాడు. "దానికి ఎత్తంటే భయం."