నౌరోజు నాటి గులాబీ

ఆ ఏడు నౌరోజు పండక్కి ఏ రంగు కట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఏటా ఆస్థాన జ్యోతిష్కులు లెక్కలు కట్టి, కొత్త సంవత్సరం ఫలానా రంగు బట్టల్లో వస్తోందని చాటించేవారు. లక్నోలో అద్దకం తొట్లన్నీ ఆ రంగుతో నిండిపోయేవి. నాలాంటి కుట్టుపనివాళ్ళకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఈసారి కంపెనీ దొరలు రాజ్యం లాక్కున్నారు. పాదుషా కలకత్తా దారి పట్టి వారమైంది. ఆ జ్యోతిష్కులు ఏ మూల దాక్కున్నారో మరి, ఇంత జరుగుతుందని ముందే చెప్పలేకపోయిన మహానుభావులు!

నేను కత్తెర పట్టుకుని అంతఃపురంలో ఊరికే తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తోచదు. మా ఫర్ఖుందా బేగం పాదుషాకు మేనత్త వరస. డెబ్బై దాటాయి, చూపు ఆనదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె బట్టలు కుడుతున్నది నేనే. నౌరోజు వెళ్ళిన మూడోనాడు కలకత్తాకు బయల్దేరే రెండో బిడారులో ఆమెకు పల్లకీ కేటాయించారు. నన్ను రమ్మని ఆమె అడగలేదు, వస్తానని నేనూ అనలేదు. అయినా నా సూదుల పెట్టె ఆమె మూటల్లో చేరిపోయింది.

ఇంటి దగ్గర నా కూతురు తయ్యబాకు నెలలు నిండాయి. ఇంతకు ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఈసారి నేను పక్కన లేకపోతే తాను బతకనని ఏడ్చింది. ఆ సంగతి చెప్పాలని రోజూ పొద్దున్నే బేగం ముందుకు వెళ్ళేదాన్ని. ఆమె ఉప్పు తిన్నదాన్ని, ఈ కష్టకాలంలో రానని ఎలా అనను? రెండు బొత్తాలు కుట్టి వచ్చేసేదాన్ని.

ఆమె మాత్రం మూటలు కట్టిస్తూ వంశం కథ ఎత్తుకునేది. మొదటి నవాబు ఎక్కడో ఇరాన్‌లోని నైషాపూర్ నుంచి కట్టుబట్టలతో వచ్చాడట. ఢిల్లీలో కొలువు చేసి, ఈ అవధ్ సుబా ఏలుబడి సంపాదించి, మట్టిగోడల బంగళాలో కాపురం పెట్టాడట. మనవడి కాలానికి అది ఫైజాబాదు నగరమైంది. ఆ తర్వాతివాడికి అదీ నచ్చక లక్నో వచ్చాడు. చివరికి నవాబులు కాస్తా పాదుషాలయ్యారు. నూట ముప్ఫై ఏళ్ళ పైచిలుకు వైభవాన్ని ఆమె అటకమీది పాత సామాను దించినట్టు ఒక్కొక్కటే దించేది.

"మరి వెళ్తున్నట్టేనా, బేగం సాహెబా?" అని పండగ ముందు రోజు అడిగాను.

"గులాబీ తిరిగితే వెళ్తా. తిరక్కపోతే ఇక్కడే చస్తా" అంది.

నౌరోజు నాడు చౌకీ అనే పొట్టి బల్ల మీద వెండి గిన్నెలో నీళ్ళు పోసి గులాబీ వదులుతాం. సూర్యుడు మేషంలో అడుగుపెట్టే క్షణాన పువ్వు తనంతట తాను తిరుగుతుందని మా నమ్మకం. నేను కొలువుకొచ్చిన ఏడు అది తిరగలేదు. బేగం ముఖం వాడిపోవడం చూడలేక మోకాలితో చౌకీ కోడును మెల్లగా తట్టాను. పువ్వు గిర్రున తిరిగింది, అంతా సంబరపడ్డారు. అప్పట్నుంచీ ఏటా అదే పని. పాపమో పుణ్యమో ఎవర్నీ అడగలేదు.

రంగు తెలియదు కనుక ఆమెకు తెల్ల మల్లు బట్టలే కుట్టాను. పండగనాడు ఎండ వాలుతుండగా చౌకీ పక్కన నా చోట కూర్చున్నాను. మిగిలిన నలుగురు దాసీలూ గిన్నెలోకి వంగి చూస్తున్నారు. తడితే ఆమె కలకత్తాకు కదులుతుంది, నేనూ కదలాలి. తట్టకపోతే ఈ ఖాళీ అవుతున్న మహల్లో ముసలి ప్రాణం ఒంటరిగా మిగిలిపోతుంది. మోకాలు అలవాటుగా చౌకీ కోడు వైపు జరిగింది. తయ్యబా ముఖం కళ్ళముందు నిలిచింది. రెండు చేతులతో మోకాలిని అదిమి పట్టుకున్నాను.

గడియారం కొట్టింది. పువ్వు మేకు దిగేసినట్టు నిలబడిపోయింది. బేగం అందర్నీ బయటికి పంపి నన్ను ఉండమంది.

"ఇరవై రెండేళ్ళు తిప్పావు. ఈ ఏడు నీ మోకాలికేమొచ్చిందే?"

నేను మోకాలి మీంచి చేతులు తీసేశాను.

"కళ్ళు ఆనకపోతేనేం, చౌకీ మీద నా చెయ్యుంటుంది కదా. నోటితో ఎలాగూ చెప్పవని పువ్వు చేత చెప్పించాను."

ఆమె కాళ్ళ మీద పడి తయ్యబా సంగతంతా చెప్పి ఏడ్చాను. మరి మీరు ఇక్కడే ఉంటారా అని అడిగాను.

"పిచ్చిదానా, మావాళ్ళు ఏ పువ్వునడిగి నైషాపూర్ వదిలారు? పో, నీ సూదుల పెట్టె తీసుకుపో."

మూడోనాడు ఆ తెల్ల బట్టల్లోనే పల్లకీ ఎక్కింది. ఎనిమిదోనాడు తయ్యబాకు ఆడపిల్ల పుట్టింది, బతికింది. ఫర్ఖుందా అని పేరు పెట్టుకున్నాం. బేగం దగ్గర్నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు. అడగని ఇల్లు లేదు, ఆపని బాటసారి లేడు. ఆమె రవిక కుట్టు ఊడితే ఎవరు కుడుతున్నారో అని ఇప్పటికీ నిద్ర మధ్యలో లేస్తాను.

మరుసటి నౌరోజుకి మా ఇంట్లో చిన్న చౌకీ వేసి, మట్టి మూకుడులో నీళ్ళు పోసి గులాబీ వేశాను. పిల్ల నా ఒళ్ళో ఉంది. ఈసారి తట్టకూడదనే కూర్చున్నాను. కానీ ఆ క్షణం వచ్చేసరికి మోకాలు దానంతటదే కదిలింది. పువ్వు తిరిగింది, తయ్యబా నవ్వింది. నేను చౌకీకి అటువైపు చూశాను. అక్కడ ఎవరి చెయ్యీ లేదు.