సోడియం లేచిన సీటు

పొద్దుటి నుంచి అక్క కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. తొట్టి దగ్గరికి వెళుతుంది, మళ్లీ బల్ల దగ్గరికి వస్తుంది. కళ్లద్దాల కార్ఖానాలో ఉప్పుతొట్టి పని పందొమ్మిదేళ్లుగా ఆమెదే. అక్కడ అందరికీ ఆమె అక్కే, తలనెరిసిన మేనేజరుకు కూడా.

తొట్టిలో కరిగి కాగుతున్నది పొటాషియం ఉప్పు. అద్దాలను అందులో పదహారు గంటలు ముంచితే గాజు పైపొరలోని సోడియం అయాన్లు బయటికొస్తాయి, వాటి చోట్లలో పొటాషియం అయాన్లు వెళ్లి కూర్చుంటాయి. మూలకాల పట్టికలో పొటాషియానిది సోడియం కింది గడి. ఎలక్ట్రాన్ల పొర ఒకటి ఎక్కువ, అందుకే ఒళ్లూ ఎక్కువ. బస్సులో బక్కాయన లేచిన సీట్లో బొద్దాయన ఇరుక్కుని కూర్చుంటే ఆ వరసంతా బిగుసుకుపోతుంది చూడండి, గాజు కూడా అంతే. ఆ బిగువే దాని బలం. గ్రైండింగ్ మెషీన్ల దగ్గర నిలబడేవాళ్ల కళ్లకు అదే కాపలా.

మరి లేచిన సోడియం ఎక్కడికి పోతుంది? తొట్టిలోనే ఉంటుంది. అది పేరుకుపోయేకొద్దీ లోపలికి వెళ్లే పొటాషియం తగ్గిపోతుంది. అందుకని నెలనెలా తొట్టి ఖాళీ చేసి కొత్త ఉప్పు పోయాలి. చల్లార్చి, తోడి, మళ్లీ కాచేసరికి రెండు రోజులు పడుతుంది. ఈసారి ఆర్డరు తొందరది, అక్కకు తన చేతి మీద నమ్మకమా ఎక్కువ. పాత ఉప్పు మీదే నాలుగు బస్తాల కొత్తది కుమ్మరించి ఊరుకుంది. పరీక్షకని ఒక అద్దం మీద ఇనుప గుండు వదిలింది, పగల్లేదు, సంతకం పెట్టేసింది. అంత తెలిసిన మనిషికి ఆ పూట బుద్ధి ఎక్కడ గడ్డి మేసిందో!

నిన్న నలభై జతలు వెళ్లిపోయాయి, అదీ సొంత తమ్ముడు పనిచేసే గ్రైండింగ్ షెడ్డుకే.

ఈ పొద్దున బల్ల కింద ఆ విడతవే మూడు అద్దాలు మిగిలి కనబడ్డాయి. ఎందుకో మనసొప్పక గుండు వదిలింది. మొదటిది పగిలింది. రెండోదీ పగిలింది. మూడోదాని మీద వదలడానికి చెయ్యి రాలేదు.

ఇక ఉండబట్టలేక గోదాములోకి దూరి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, కొత్త అద్దాలు పెట్టుకున్నావా?"

"పెట్టుకోకేం? హీరోలా ఉన్నానని మావాళ్లు ఒకటే కుళ్లుకుంటున్నారక్కా."

"తీసెయ్. పాతవి పెట్టుకో. ఎవరికీ చెప్పకు."

అవతల మెషీన్ల మోత. తమ్ముడు గొంతు పెంచాడు.

"అక్కా, నా ఒక్కడివేనా బాగోలేనివి?"

ముప్పై తొమ్మిది మందిని వదిలేసి వీడొక్కడికే చేశానని ఆమెకు అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయింది.

"అందరివీరా," అంది. "తప్పు నాదే. అందరివీ తీయించు."

"ఆపండ్రోయ్! మెషీన్లు ఆపండి!" తమ్ముడి కేక వినబడింది. ఒక్కొక్కటే ఆగుతుంటే అక్క ఫోను చెవికి నొక్కిపట్టి వింది. చివరిది ఆగేదాకా ఊపిరి తీసుకోలేదు.

ఆమె బయటికొచ్చేసరికి మేనేజరు బల్ల మీద ఫోను మోగుతోంది, షెడ్డు నుంచే అయ్యుంటుంది. ఆయన చెయ్యి చాచాడు.

"ఉండండి సార్," అంది అక్క, రిసీవరు తనే అందుకుంటూ. "అది నాకే."