దిష్టి తగలని మైకు

నేను ఒక మైకును. మైకు అనగానే మీకు పెళ్ళి పందిట్లో గొంతు చించుకునే ఇనుప తలకాయ గుర్తొస్తుందేమో. అది మా పెద్దల కాలం. నాది బొటనవేలంత ఒళ్ళు, వీపున చిన్న క్లిప్పు, పక్కన పచ్చలైటు, నెత్తిన నల్లటి స్పాంజి టోపీ. నాకొక తోబుట్టువు ఉంది. అది ఫోను అడుగున గుచ్చుకుని కూర్చుంటుంది. నేను విన్నదంతా గాలిలోనే దానికి చేరవేస్తాను, అది ఫోనుకు చెప్పేస్తుంది. కడుపులో మాట దాచుకోలేని వంశం మాది.

సముద్రం అవతల ఎక్కడో ఒక కార్ఖానాలో పుట్టాను. బల్ల ముందు కూర్చున్న అమ్మాయి నన్ను నోటి దగ్గర పెట్టుకుని ఏదో ఒక మాట అంది. ఆ భాష నాకు రాదు. 'ఆకలేస్తోంది' అని ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే వెంటనే గంట మోగింది, అందరూ నన్ను వదిలేసి భోజనానికి పోయారు.

తర్వాత బెంగళూరు చేరాను. నా మొదటి యజమాని ఒక సంస్థ. మనలాంటి దేశాల్లో, పల్లెల్లో జనం సొంత బుర్రతో చేసుకునే యంత్రాల గురించి లోకానికి చెప్పే చిన్న చిన్న చానళ్ళకు సాయం చేయడం వాళ్ళ పని. మంచి పనే. కాకపోతే ఆ పని మొదలుపెట్టే ముందు చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళు. ఒక పూటంతా నన్ను ఎవరిదో కోటు అంచుకు తగిలించారు. 'క్షేత్రస్థాయి' అనే మాట ఆ పూట నలభైసార్లు విన్నాను. క్షేత్రం మాత్రం కిటికీలోంచి కూడా కనబడలేదు.

ఆ సంస్థలో సౌదామిని మేడం అని ఒకామె ఉంది, తక్కువ మాట్లాడే మనిషి. ఆమె ఇరవై చానళ్ళను ఏరి, ఒక్కోదానికి ఒక మైకు, ఒక ఫోను స్టాండు ఇచ్చింది. మూడు నెలలు చూస్తామంది. ఆఖరున ఒక మంచి కార్యక్రమం పంపాలి. నచ్చితే ఇంకో ఏడాది సాయం చేస్తారు, పని నేర్పిస్తారు. నచ్చకపోతే మైకూ స్టాండూ డబ్బాలో సర్ది వెనక్కి పంపేయాలి.

అట్లా నేను హిందూపురం దగ్గర ఒక ఊళ్ళో చౌడేశ్వరి చేతిలో పడ్డాను.

చౌడేశ్వరికి ఇరవై మూడేళ్ళు. తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయింది. ఏడాది పాప మోక్షిత ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. చానల్ పేరు 'మనూరి బుర్ర'. చుట్టుపక్కల ఎవరు ఏ కొత్త పరికరం చేసినా పాపను ఎత్తుకుని అక్కడికి పోయి ఫోనులో పట్టేది. చానల్‌కు మూడువందల పన్నెండు మంది చూసేవాళ్ళు. అందులో నలభై మంది ఆమె చుట్టాలే.

ఇంత భయస్తురాలిని నేను ఎక్కడా చూడలేదు. పాప దగ్గితే భయం, దగ్గకుండా నిద్రపోతుంటే ఇంకా భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నేను వచ్చిన రోజే పాప నోట్లో పెట్టుకుని మింగేస్తుందేమో అని నన్ను పౌడరు డబ్బాలో వేసి మూత బిగించింది. అన్నిటికంటే పెద్ద భయం దిష్టి. పాప బుగ్గన కాటుక చుక్క, అరికాలికి ఇంకోటి. ఫోను స్టాండు వచ్చిన మర్నాడే దాని కాలికి ఒకటి. షూటింగు మొదలుపెట్టే ముందు ఫోను వీపున, పై మూలన ఒకటి. మనూరి బుర్రను లోకమంతా చూడాలి, ఎవరి కళ్ళూ పడకూడదు. ఈ రెండు కోరికలూ ఆమె గుండెలో ఒకే చాపమీద కూర్చుని కలిసి భోజనం చేసేవి.

నా మొదటి కార్యక్రమం చెబితే నవ్వుతారు. పొలంలో పిట్టల్ని తోలే డబ్బా ఫ్యాను చేసిన ఒకాయన దగ్గరికి పోయాం. ఆమె నన్ను పైట కింద, మెడ దగ్గర తగిలించుకుంది. ఇంటికొచ్చి వింటే ఫ్యాను లేదు, ఆయన లేడు, పది నిమిషాలు మంగళసూత్రం గలగల ఒక్కటే. మర్నాటి నుంచి నన్ను భుజం మీద పిన్నీసు దగ్గర పెట్టుకోవడం నేర్చుకుంది. ఆ పాఠం కోటువాళ్ళకు తెలియదు.

మూడు నెలలు అట్లా గడిచాయి. ఒక గురువారం సౌదామిని మేడం ఫోన్ చేసింది.

"చౌడేశ్వరిగారూ, రేపు సాయంత్రం ఐదు గంటలకల్లా మీ ఆఖరి కార్యక్రమం రావాలి. వచ్చినవాటిని అప్పటికప్పుడే కూర్చుని చూస్తాం."

"పంపిస్తా మేడం," అంది. ఫోన్ పెట్టేశాక అరగంట గోళ్ళు కొరికింది. తొమ్మిదో తరగతితో ఆగిన మనిషికి ప్రపంచంలో చేతికొచ్చిన పని అంటూ ఉంటే ఇదొక్కటే. నేను వెనక్కి పోతే ఆ పనీ పోతుంది. నాకూ ఆ కోటు అంచు గుర్తొచ్చి గుబులు పుట్టింది.

ఆమె మనసులో అప్పటికే ఒకటుంది, ఓబులేసు మిషను. ఓబులేసు ఊళ్ళో వెల్డింగు షెడ్డు నడుపుతాడు. మా వైపు ఎండాకాలం వస్తే ఆడవాళ్ళకు చింతపండు కొట్టే పని. పెంకు ఒలిచిన కాయను రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజ రాలగొట్టాలి. రోజుకు కొన్ని వేల దెబ్బలు, అందులో కొన్ని వేళ్ళ మీద. ఓబులేసు మిషనుకు కుట్టుమిషను పెడలు ఉంటుంది. కాయను పైన పలక మీద పెట్టి కాలితో తొక్కితే చిన్న సుత్తి పడుతుంది, గింజ కిందికి రాలుతుంది, పండు పైనే ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ మిషనును టెంపోలో ఎక్కించుకుని అనంతపురంలో వ్యవసాయ ప్రదర్శనకు పోతున్నాడు ఓబులేసు. ఈలోపే పని కానిచ్చుకోవాలి.

శుక్రవారం పదకొండు గంటలకు షెడ్డుకు చేరాం. ఆమె ఫోనులో చోటు నిండిపోయిందని, ఆటో తోలే భర్త కొత్త ఫోను అడిగి తెచ్చింది. ఓబులేసు చేతికి గడియారం, కొత్త చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన రాయడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆయన భార్య సంజమ్మ మిషను దగ్గర పీట మీద కూర్చుని చింతపండు కొడుతోంది.

"మేయ్, నువ్వు తొక్కుతా ఉండు. ఈడియోలో వెనకాల కనపడల్ల," అన్నాడు ఓబులేసు.

"ఎప్పుడూ చేసేది అదేగదప్పా," అంది సంజమ్మ.

పెడలు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. మిషనుకు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించారు. చౌడేశ్వరి పాప బుగ్గ మీద చుక్క సరిచేసి, అదే వేలితో, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ, ఫోను వీపున పై మూలన అలవాటుగా ఒక చుక్క పెట్టింది. ఇంత పెద్ద రోజు గదా అని కొంచెం గట్టిగానే రుద్దింది.

ఆమె పాత ఫోనుకు ఆ మూల ఖాళీ. కొత్త ఫోనుకు ఆ మూలనే మూడు కెమెరా కళ్ళు.

ఎర్రటి ఎండ. ఫోను అద్దంలో ఏమీ కనబడలేదు. ఎండకు అట్లా ఉందిలే అనుకుని బటను నొక్కి, నన్ను ఓబులేసు చొక్కాకు తగిలించింది. చెబుదామంటే నాకు చెవే గాని నోరు లేదు.

"చిన్నప్పటి నుండీ నాకొక తపన," అని మొదలుపెట్టాడు ఓబులేసు, సభలో మాట్లాడినట్టు. "నా రాయలసీమ ఆడపడుచుల కష్టం చూసి..."

"అన్నా, ఈ సుత్తి కింద రబ్బరు యాల పెట్టినావు?" అని అడిగింది చౌడేశ్వరి.

ఓబులేసు రబ్బరు వంక చూశాడు. అది ఈరోజే మొలిచినట్టు చూశాడు. "రబ్బరా. అది... టెక్నాలజీమ్మా. టెక్నాలజీలో రబ్బరు ఉంటాది."

"పెడలు ఇంత కిందికి యాల ఉండాది?"

"అది గూడా టెక్నాలజీనే."

చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది. ఇట్లా కనబడితే బాగుండదని, శాలువా కూడా తెచ్చుకుంటానని లేచాడు. నన్ను పీకి మిషను పిడికి తగిలించి ఇంట్లోకి పోయాడు. చౌడేశ్వరి ఫోను దగ్గరికి పోయి ఆపేశాననుకుంది. సరిగ్గా నొక్కలేదు. నా పచ్చలైటు వెలుగుతూనే ఉంది. ఆపమని నేనూ అడగలేదు.

ఆమె సంజమ్మ పక్కన కూర్చుని పాపకు అరటిపండు తినిపించసాగింది.

"అక్కా, అన్న చెప్పేది ఒక్కటీ అర్థం కాలేదు. నాకు సదువు లేక అర్థం కావట్లేదేమో."

సంజమ్మ తొక్కడం ఆపలేదు. టక్, టక్. "సదువుకున్నోళ్ళకు గూడా అర్థం కాదులే. ఆయప్పకే తెలీదు."

"అంటే?"

"ఈ ఏలు చూడు." ఎడమచేతి బొటనవేలు చూపింది. గోరు లేదు, చివర వంకరపోయింది. "మూడేండ్ల కింద సుత్తి పడింది. నెల్లాళ్ళు ఆ చేత్తో కాయ పట్టుకోలేకపోతి. ఊరికే కూర్చోలేక మా అత్త కుట్టుమిషను ముందు కూర్చుని తొక్కుతాంటి. ఈ కాలు ఇంత పని చేస్తాండాదే, చెయ్యి యాల పగలగొట్టుకోవల్ల అనిపించింది. చెక్కతో ఒకటి చేసినా. పప్పుగుత్తి కట్టి సుత్తి చేసినా."

"నువ్వా?"

"మొదటిసారి తొక్కితే గింజ ఎగిరి పోయి ఆయప్ప నుదుటికి తగిలింది. అన్నం తింటాండె. బొప్పి కట్టింది. నాల్గురోజులు టవలు కట్టుకుని తిరిగినాడు, ఊర్లో అడిగితే జరమని చెప్పినాడు." సంజమ్మ నవ్వు, పెడలు చప్పుడు కలిసి వినిపించాయి. "గింజ పగలకుండా పాత చెప్పు కోసి రబ్బరు పెట్టినా. పెడలు కింద యాల ఉండాదంటే, నాతో చింతపండు కొట్టే మా ఈశ్వరమ్మ పొట్టిది, కాలు అందల్ల గదా. దాన్ని చూసి కింద పెట్టినా. ఆ తర్వాత ఇనుముతో చేసింది ఆయప్పే. ఎల్డింగు బాగా చేస్తాడు, ఆ మాట కాదనకూడదు."

"మరి నీ పేరు చెప్పలేదే అక్కా?"

టక్, టక్. "ఎవరూ అడగలేదమ్మీ. మిషను ఎవరు చేసినారంటారు. ఇనుముతో చేసింది ఆయప్ప. అది అబద్ధం కాదు గదా."

ఓబులేసు శాలువాతో వచ్చి మిగతా ఉపన్యాసం ముగించాడు. ఒంటిగంటకు టెంపో కదిలింది, మిషనుతో, ఆయనతో.

రెండు గంటలకు ఇంట్లో చౌడేశ్వరి ఫోను తెరిచింది. అద్దం నిండా నల్లటి మబ్బు. మబ్బు వెనక ఏదో తెల్లగా కదులుతోంది. అది ఓబులేసు శాలువా కావచ్చు, గోడ కావచ్చు. ఫోను తిప్పి చూసింది. మూడు కళ్ళకూ ఒత్తుగా కాటుక.

ఆమె ఏడవలేదు, గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయింది. మిషను అనంతపురం దారిలో ఉంది. ఐదు గంటలకు ఇంకా మూడు గంటలు. ఆ అదనులో మోక్షిత పౌడరు డబ్బా పక్కన పడున్న నన్ను పట్టుకుని తన కొత్త పళ్ళు రెండూ నా వీపులో దింపింది. నా బతుకులో మొదటి గాయం అదే. ఆ చప్పుడుకు తల్లి ఉలిక్కిపడి నన్ను లాక్కుంది, తుడిచింది. తర్వాత ఏమనుకుందో ఏమో, చెవులకు తీగలు పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. ఆపేశాననుకున్న చోట ఆగకుండా మాటలు వచ్చాయి. టక్, టక్. 'సదువుకున్నోళ్ళకు గూడా అర్థం కాదులే.'

రెండుసార్లు విన్నది. మూడోసారికి పాపను చంకనేసుకుని, నన్ను గుప్పిట్లో పట్టుకుని సంజమ్మ ఇంటికి పరుగు తీసింది.

"అక్కా, తప్పయిపోయింది. నీకు చెప్పకుండా నీ మాటలు ఎక్కినాయి. నువ్వు ఒద్దంటే ఇప్పుడే తీసేస్తా."

సంజమ్మ చెవిలో తీగ పెట్టుకుని వింది.  

"నా గొంతు ఇంత లావుగా ఉంటాదా?" అంది చివరికి.

"బాగుండాది అక్కా."

"బాగుండేది ఎరుకలే. ఆయప్పను అడగల్ల."

ఓబులేసుకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. టెంపో హోరులో సంజమ్మ సంగతంతా చెప్పింది.  చౌడేశ్వరి చేతిలో నేను తడిసిపోయాను.

"అంతా ఎక్కిందా?" అన్నాడు ఓబులేసు.

"అంతా," అంది సంజమ్మ.

"బొప్పి సంగతి గూడానా?"

"ఆఁ."

 "అది తీసేయమను. మిగతాది పెట్టుకోమను." ఆగి, గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఎవరన్నా రబ్బరు గురించి అడిగితే ఏం చెప్పల్లో ఇంకోసారి చెప్పు, రాసుకుంటా. పెన్ను ఉండాది."

ఆ సాయంత్రం నాలుగు యాభైకి కార్యక్రమం వెళ్ళింది. అందులో కదిలే బొమ్మ లేదు. కాటుక తుడిచిన ఫోనుతో తీసిన ఒకే ఒక ఫోటో, సంజమ్మ బొటనవేలు. దాని మీద ఆమె మాటలు, మధ్యమధ్యలో టక్, టక్. బొప్పి మాట తీసేసింది. నవ్వు మాత్రం ఎంత కోసినా పూర్తిగా పోలేదు.

మర్నాడు సౌదామిని మేడం ఫోన్ చేసింది. "చౌడేశ్వరిగారూ, వీడియో ఏమైంది?"

కరెంటు పోయిందనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. మింగేసింది. "కాటుక మేడం," అంది. "దిష్టి తగలకూడదని ఫోనుకు పెట్టినా. కళ్ళకు అంటుకుంది."

 అవతల నుంచి వినిపించినది నవ్వని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఆ కార్యాలయంలో దాన్ని ఎప్పుడూ వినలేదు మరి.

"వచ్చినవాటిలో చాలావాటికి డ్రోనుతో పైనుంచి తీసిన దృశ్యాలు ఉన్నాయి, పాటలు ఉన్నాయి. బాగున్నాయి. కానీ ఆ రబ్బరు ఎందుకు పెట్టారో మీ దాంట్లోనే తెలిసింది. ఆ ఈశ్వరమ్మ ఎవరో చూడాలని మా వాళ్ళంతా అడుగుతున్నారు. మైకూ స్టాండూ ఇంకో ఏడాది మీ దగ్గరే ఉంచుకోండి."

"అట్లనే మేడం."

"కాటుక మాత్రం..."

"స్టాండు కాలికే పెడతా మేడం."

ఇదంతా జరిగి రెండేళ్ళయింది. మిషను మీద ఇప్పుడు రెండు పేర్లున్నాయి. సంజమ్మ పేరు ముందుంది. తన పేరు పక్కన ఓబులేసు 'ఎల్డింగు' అని రాయించుకున్నాడు. నా క్లిప్పు వదులైంది, దారం చుట్టారు. వీపు మీద మోక్షిత పళ్ళ గుర్తులు అట్లాగే ఉన్నాయి. కొత్త మైకులు రెండు వచ్చాయి. మాట స్పష్టంగా పట్టేది అవే. నన్ను ఎక్కువగా పౌడరు డబ్బాలోనే ఉంచుతుంది.

కానీ పెద్ద కార్యక్రమం ఏదన్నా ఉంటే నన్నే బయటికి తీస్తుంది. దారం బిగించి, పచ్చలైటు చూసుకుని, చుట్టూ ఎవరూ గమనించడం లేదని చూసి, కాటుక వేలితో నా నెత్తిన ఒక చుక్క పెడుతుంది. నల్లటి టోపీ మీద నల్లటి చుక్క. లోకంలో ఎవరికీ కనబడదు. ఆమె భయం అక్కడ చల్లగా కూర్చుంటుంది, నేను నా పని చేసుకుంటాను.