చక్రవర్తి పట్టుకున్న కర్ర

నేను ఒక కర్రను. చిత్రకారుడి చేతికింది కర్రను. కుంచె సంగతి మీరంతా విన్నారు, రంగుల సంగతి విన్నారు, నా సంగతి మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. బొమ్మలో కన్నో, ముత్యమో, మీసం వెంట్రుకో వెయ్యాల్సి వస్తే చిత్రకారుడు నన్ను ఎడమచేత్తో పట్టుకుని, నా కొసను బొమ్మ అంచుకు ఆనించి, కుడి మణికట్టును నా మీద వాల్చుకుంటాడు. అప్పుడు కుంచె కదలాల్సినంతే కదులుతుంది. తర్వాత అందరూ వచ్చి కుంచెను మెచ్చుకుని పోతారు. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

పుట్టుకతో నేను వెనిస్ నగరంలో ఒక పడవ తెడ్డును. ఒక వేసవిలో వంతెన రాయికి తగిలి విరిగాను. పడవవాడు నన్ను పొయ్యిలో పెట్టబోతుంటే, అంబ్రోజో అనే చిత్రకారుడు అడిగి తీసుకున్నాడు. నున్నగా చెక్కి, బొమ్మకు గీటు పడకుండా నా కొసకు దూది చుట్టి, పైన లేడితోలు బిగించి గుండులా కట్టాడు. మిగతా చిత్రకారుల కర్రలు చువ్వల్లా ఉంటాయి. నేను తెడ్డు వంశం కాబట్టి లావు, గట్టి, కాస్త పొగరు కూడా.

ముప్పై ఏళ్లు ఇద్దరం కలిసి పనిచేశాం. ఎంతమంది మతగురువుల గడ్డాల కింద మడతలు మాయం చేశామో, ఎంతమంది రాణులకు పదేళ్లు తగ్గించామో నాకే లెక్క తెలీదు. మనుషులు అచ్చం తమలాగే బొమ్మ వెయ్యమంటారు, తీరా తమలాగే వేస్తే ఊరుకోరు. ఆ కిటుకు తెలిసినవాడు కాబట్టే అంబ్రోజో సిగిస్వాల్డ్ చక్రవర్తికి ఆస్థాన చిత్రకారుడయ్యాడు. ఆ చక్రవర్తి కోసం మీ చరిత్ర పుస్తకాలు తిరగెయ్యకండి, దొరకడు. నా జ్ఞాపకంలోనే ఉన్నాడు.

అరవై ఆరో ఏట అంబ్రోజో కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, మూడోవాడికి తెలీదు. భోజనాల దగ్గర చెయ్యి ఒళ్లో దాచుకునేవాడు, వీధిలో చొక్కా చేతిలోకి లాక్కునేవాడు. పనిలో మాత్రం నా మీద గట్టిగా నొక్కి పెట్టేవాడు, వణుకు నాలోకి దిగిపోయేది, కుంచె నిలకడగా ఉండేది. నేనైతే గర్వంతో ఉబ్బిపోయేదాన్ని.

రెండేళ్లు అలా నెట్టుకొచ్చాక కోట నుంచి కబురొచ్చింది. చక్రవర్తి నిలువెత్తు బొమ్మ కావాలట. ఆయన మంచాన పడ్డాడని సామంత రాజులంతా గుసగుసలాడుతున్నారట, వాళ్ల సభలో ఆ బొమ్మ పెడతారట. కబురుతో పాటు ఒక మాట కూడా వచ్చింది. ఈ బొమ్మ సరిగ్గా రాకపోతే కాస్పర్ అనే పడుచు చిత్రకారుడు సిద్ధంగా ఉన్నాడు. అంటే పదవి పోవడం ఒక్కటే కాదు, అంబ్రోజో చెయ్యి పడిపోయిందని లోకమంతా అనుకుంటుంది. చిత్రకారుడికి అంతకంటే చావు లేదు. ఆ రాత్రే నాకు కొత్త లేడితోలు కట్టాడు.

ఐదేళ్లుగా వెనిస్ నుంచే బొమ్మలు పంపుతున్న మేం కొండలు దాటి కోటకు చేరితే, చక్రవర్తి గది గుమ్మంలోనే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. నాలుగేళ్ల కిందట ఎవడో చేతికర్రలో కత్తి దాచుకొచ్చి చక్రవర్తి మీదికి దూకాడట. అప్పటినుంచి ఆయన ఎదుట ఎవరూ కర్ర పట్టుకోకూడదని ఆజ్ఞ. కాలు పోయిన సేనాని అయినా సరే, కర్ర బయట పెట్టి పాక్కుంటూ వెళ్లాల్సిందే. ఆ ఆజ్ఞను కాపలా కాసేవాడు వోల్ఫ్రామ్ అనే కోట అధికారి. నన్ను తీసుకుని గోడకు ఆనించాడు. అంబ్రోజో బతిమాలవచ్చు, కానీ ఎందుకు కావాలో చెబితే గుట్టు బయటపడుతుంది. మింగలేక, కక్కలేక, ఉత్త చేతులతో లోపలికి వెళ్లాడు.

వోల్ఫ్రామ్ తలుపు తీసి పెట్టి గుమ్మంలోనే నిలబడేవాడు కాబట్టి లోపల జరిగేదంతా నాకు కనిపించేది. చక్రవర్తి పక్కనున్న బల్ల మీద చెయ్యి ఆనించి ఠీవిగా నిలబడేవాడు. మొదటి రెండు రోజులు అంబ్రోజో తెర, నేల, ఎర్ర శాలువా వేశాడు. అవి పెద్ద కుంచెతో భుజం ఊపి వేసేవి, వాటికి నా అవసరం లేదు. మూడో రోజు మొహం దగ్గరికి వచ్చాడు. మొహమంటే కన్ను. కన్నంటే గోధుమ గింజంత తెల్ల చుక్క.

సన్న కుంచె ఎత్తాడు. చెయ్యి ఊగింది. దించాడు, మళ్లీ ఎత్తాడు. కుంచె బొమ్మకు తగలగానే గీత కన్ను దగ్గర మొదలై చెవి దాకా పోయింది. గుడ్డతో తుడిచి మళ్లీ వేశాడు, మళ్లీ అలాగే పోయింది. గోడ వార నిలబడి నేనేం చెయ్యగలను? తెడ్డుగా విరిగిన రోజు కూడా అంత బాధ పడలేదు.

చక్రవర్తి అంతా చూస్తూనే ఉన్నాడు. "ఎన్నాళ్లుగా ఇలా ఉంది?" అని అడిగాడు.

అంబ్రోజో కుంచె కింద పెట్టేశాడు. దాచడానికి ఇంకేం మిగలలేదు. "రెండేళ్లు, మహాప్రభూ. నా కర్ర ఉంటే తెలియదు."

"మరి కర్ర ఏదీ?"

"గుమ్మం బయట ఉంది. తమ ఆజ్ఞ."

చక్రవర్తి నన్ను తెమ్మన్నాడు. ఆజ్ఞ ఒప్పుకోదని వోల్ఫ్రామ్ నీళ్లు నమిలాడు.

"ఆజ్ఞ నాది, కర్ర ఆయనది. తీసుకురా."

వోల్ఫ్రామ్ నా తోలు గుండును పిసికి చూసి, కత్తి లేదని తేల్చుకుని, పామును పట్టుకున్నట్టు పట్టుకొచ్చాడు. అప్పుడు జరిగినదాన్ని నేను ఊహించలేదు. చక్రవర్తి బల్ల మీంచి చెయ్యి తీసి నన్ను అందుకున్నాడు, నేలకు ఆనించి నా మీద బరువంతా వేశాడు. అప్పుడు తెలిసింది నాకు. అది ఠీవి కాదు, కీళ్లవాతం. బల్ల లేకపోతే ఆయన నిలబడలేడు. అందరి చేతా కర్ర మాన్పించి తానొక్కడే పట్టుకోలేడు కదా, ఆ ఆజ్ఞ ఆయన కర్రనూ లాక్కుంది, తాను తీసిన గోతిలో తానే నాలుగేళ్లుగా ఉన్నాడు. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు ఇంకా గుర్తుంది.

నన్ను తన చేత్తోనే అంబ్రోజోకు ఇచ్చాడు. వెంటనే కన్ను వచ్చింది. ఒక్క చుక్క, ఒక్క ఊపిరి. ఆ కంట్లోంచి చక్రవర్తి మమ్మల్ని చూశాడు.

అంబ్రోజోకు అప్పుడు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ప్రభూ, బల్ల వద్దు. కర్ర పట్టుకునే నిలబడండి, అలాగే వేస్తాను" అన్నాడు. కర్రతో బొమ్మా అని వోల్ఫ్రామ్ మొహం పాలిపోయింది. చక్రవర్తి మాత్రం సరేనన్నాడు. చిక్కల్లా నేను ఒక్కదాన్నే కావడం. నిలబడటానికి ఆయనకు నేను కావాలి, వేళ్లూ గోళ్లూ వెయ్యడానికి ఈయనకు నేను కావాలి. అందుకని అంత గొప్ప వోల్ఫ్రామ్ పదకొండు రోజులు నన్ను అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి అక్కడికి మోశాడు. మూడో రోజుకల్లా అలవాటైపోయి, అడక్కుండానే అందించేవాడు.

సభ రోజు వచ్చింది. పొద్దున్నే కర్రల ఆజ్ఞ రద్దయింది. తెర తీశారు. మామూలు కర్ర మీద, రంగు మరకల తోలు గుండు మీద చెయ్యి వేసి, నొప్పిని దాచకుండా నిటారుగా నిలబడ్డ చక్రవర్తి. సామంత రాజులు బొమ్మను చూశారు, మెట్ల మీద నిలబడ్డ అసలు మనిషిని చూశారు. అప్పుడు వెనకనుంచి ఠక్కు ఠక్కు మని చప్పుడైంది. నాలుగేళ్లుగా పాకడం ఇష్టం లేక ఇంట్లోనే కూర్చున్న ముసలి సేనాని, రెండు చంకకర్రల మీద సభ మధ్యలోంచి నడిచొచ్చి, బొమ్మ ముందు తల వంచాడు. "ఈయన వెనకే నేను యుద్ధానికి పోయాను" అన్నాడు. అంతే, సభ మొత్తం లేచి నిలబడింది. ఆ హోరుకు కిటికీ అద్దాలు అదిరాయి. కాస్పర్ కూడా నిలబడి చప్పట్లు కొట్టాడు, కుర్రాడు మంచివాడే.

ఇంకొక్క పని మిగిలింది. చిత్రకారుడు సభలో అందరి ముందూ బొమ్మ మీద సంతకం చెయ్యడం అక్కడి ఆచారం. అంబ్రోజో నన్ను ఎడమచేత్తో పట్టుకుని బొమ్మకు ఆనించాడు. అన్ని వందల కళ్ల ముందు ఆ చెయ్యి కూడా వణకడం మొదలుపెట్టింది. నేనే ఊగిపోతున్నాను, ఇక ఎవరిని ఆపగలను? సభంతా చూసింది. ఆయన తల దించుకోలేదు, చెయ్యి దాచుకోలేదు.

చక్రవర్తి మెట్లు దిగి వచ్చాడు. ఒక్కో మెట్టూ ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. వచ్చి నా చివర పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"ఇప్పుడు రాయి అంబ్రోజో. తొందరేం లేదు."

ఆ తర్వాత అంబ్రోజో తొమ్మిదేళ్లు ఆస్థానంలోనే పనిచేశాడు. సభ జరిగి నెల తిరక్కుండా నిక్షేపంలాంటి కాళ్లున్న యువరాజులు కూడా ఏనుగు దంతం పిడుల కర్రలు పట్టుకుని కుంటడం మొదలుపెట్టారు. నేనిప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నా కింద "కర్ర, ఉపయోగం తెలియదు" అని చీటీ అంటించారు. రాసుకోనివ్వండి, చదువుకున్నవాళ్లు. నా ఎదుటి గోడ మీద ఆ బొమ్మ ఉంది. మీరెప్పుడైనా వస్తే కింద కుడి మూలకు వంగి ఆయన సంతకం చూడండి. ఒక్క అక్షరం కూడా వణకలేదు.