చైన్ కవర్ మీద పేరు

కాశిబుగ్గలో కొమురెల్లి సైకిల్ దుకాణానికి వచ్చి "ఇది బాగైతదా?" అని అడిగితే ఆయనకు ఎక్కడలేని కోపం వస్తుంది. బాగవుతుందా అన్న మాట దవాఖానలో అడగాలట, తన దగ్గర ఎప్పుడిస్తావని మాత్రమే అడగాలట. నలభై ఐదేళ్లుగా చక్రాలు అల్లిన చేతులు మరి! ఇప్పుడు దుకాణానికి వచ్చేవి ఎక్కువగా పిల్లల సైకిళ్లే. అయినా ఆయన గర్వం ఇసుమంత కూడా తగ్గలేదు. సైకిల్ గురించి కొమురెల్లి ఒక మాట అన్నాడంటే కాశిబుగ్గలోనే కాదు, కొత్తవాడలో కూడా దానికి తిరుగులేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం చేసే స్రవంతి ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"కాకా, మా ఇంట్ల పాత సైకిల్ ఒకటున్నది. హాలండ్‌ది. దాని వయసెంతనో చెప్పాలె, మంచిగ ఓవరాయిలింగ్ చెయ్యాలె. నువ్వు తప్ప ఇంకెవ్వరు చెయ్యలేరు."

చివరి మాట పూర్తయ్యేలోపే కొమురెల్లి చెప్పులు వేసుకున్నాడు.

సైకిల్‌ను వరండాలో గోడకు ఆనించి పెట్టారు. కొమురెల్లి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మన సైకిళ్ల కంటే జానెడు ఎత్తు. ఆడవాళ్లు చీరతో ఎక్కేలా ముందు కడ్డీ లేకుండా వంపు తిరిగిన ఫ్రేము. చైన్ ఎక్కడా కనపడకుండా పూర్తిగా మూసేసిన కవరు. పచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది, ముందు రిమ్ము తుప్పు పట్టి అప్పడంలా విరుగుతోంది. అయినా ఫ్రేము మాత్రం చెక్కు చెదరలేదు. ఇలాంటి బండి మీద చేయి వేయడమే ఒక భాగ్యమని ఆయనకు అనిపించింది. పైకి మాత్రం "ఊఁ" అన్నాడు.

"శ్రావణంల షోరూమ్ తెరుస్తానం కాకా," అంది స్రవంతి. "దీన్ని దర్వాజ కాడ నిలబెడుతం. మా దుకాణం మొదలైందే ఈ సైకిల్ మీద. మొదలువెట్టినోళ్ల పేరు ఈ చైన్ కవర్ మీద రాయించాలె. గని ఎవరి పేరన్నదే తెగుతలేదు."

తెగకపోవడానికి కారణమైన ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఒకరు మంచం మీద కూర్చున్న సమ్మమ్మ, స్రవంతికి బాపమ్మ, అంటే నాన్నమ్మ, వయసు ఎనభై ఆరు. ఇంకొకరు కుర్చీలో ఉన్న రాజమల్లు, సమ్మమ్మకు మరిది, డెబ్బై రెండేళ్లవాడు.

"తెగకపోవుడేంది?" అన్నాడు రాజమల్లు. "సైకిల్ మా చంద్రమౌళి అన్నది. కాజీపేట పోయి తెచ్చిండు. నేను అన్న ఎంబడే ఉన్న. ఎనిమిదేండ్ల పోరగాణ్ని, ఇంటిదాంక నడుచుకుంట వచ్చిన. కాళ్లు గుంజుడు ఇంకా యాదికున్నది. అప్పటిసంది ఇది పచ్చగనే ఉన్నది."

"పచ్చ రంగు నా పెండ్లయినంక మీ అన్న ఏయించిండు," అంది సమ్మమ్మ. గొంతు సన్నగా ఉన్నా మాట గట్టిగానే ఉంది. "ఇది నల్ల సైకిల్. పెండ్లి కాకముందు నేను కాజీపేట దవాఖానల ఉండే హాలండ్ నర్సమ్మ కాడ పనిజేసేదాన్ని. తొక్కుడు ఆమెనే నేర్పింది. యాభై ఆరుల వాళ్ల దేశం పోయేటప్పుడు సైకిల్ నాకిచ్చింది. మా నాయిన నేసిన జంపఖానాలు దీని మీద కట్టుకోని రైల్వే క్వార్టర్లల్ల నేనే అమ్మిన. మీ అన్న నన్ను చేసుకున్నది యాభై ఎనిమిదిల."

"వదినె, నువ్వు తొక్కలేదని ఎవరన్నరు? అన్న తెచ్చినంక తొక్కినవు."

"దీని మెడ మీద ఇత్తడి బిళ్ళ ఉంటది. వారం వారం చింతపండు వెట్టి నేనే తోమేదాన్ని. అన్న తెస్తే ఆ బిళ్ళ సంగతి నాకెట్ల తెలుసు?"

అందరూ కొమురెల్లి వైపు చూశారు. అలా చూసినప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. హ్యాండిల్ కింద మెడ మీద చూశాడు. పచ్చ రంగు కింద ఏదో బిళ్ళ ఉబ్బుగా ఉంది. "ప్రతి సైకిల్‌కు అక్కడ కంపెనీ బిళ్ళ ఉంటది పెద్దమ్మా, అదేం సాక్ష్యం కాదు," అన్నాడు. ఆ తరవాత వంగి, వెనక చక్రం నడుమ ఉండే హబ్బును గాసునూనె గుడ్డతో రుద్దాడు. మూడు గేర్ల హబ్బు. అలాంటి హబ్బుల మీద తయారైన సంవత్సరం, నెల కొట్టి ఉంటాయని కొమురెల్లికి తెలుసు. ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదని కూడా తెలుసు.

"అరవై ఒకటి, నాలుగో నెల," అని లేచి నిలబడ్డాడు. "పెద్దమ్మా, కోపం చెయ్యకు. ఈ సైకిల్ యాభై ఆరుల పుట్టనే లేదు."

రాజమల్లు తొడ మీద చెయ్యి వేసి "చెప్పిన కదా," అన్నాడు. స్రవంతి బాపమ్మ ముఖం చూసి తల దించుకుంది.

"అరవై ఏండ్లసంది ఇంట్ల ఎవ్వరు నమ్మలే," అంది సమ్మమ్మ. "ఇయ్యాల సైకిల్ గూడ నమ్మకపాయె." అని గోడ వైపు తిరిగి పడుకుంది.

చైన్ కవర్ మీద చంద్రమౌళి పేరు రాయించాలని తేలిపోయింది. ట్రాలీ ఆటోలో సైకిల్ ఎక్కించుకుని వస్తుంటే కొమురెల్లికి ఆ ముసలామె వీపే కళ్ల ముందు కదిలింది. "నేనేం జేస్త? ఉన్నది చెప్పిన," అని ఆటోవాడితో అన్నాడు. వాడు ఏమిటని అడగలేదు కూడా.

పని మొదలుపెట్టాక మాత్రం ఆ దిగులు మర్చిపోయాడు. ఒక్కో బోల్టూ గాసునూనెలో నానబెట్టి, బలవంతం చేయకుండా విప్పాడు. చైన్ కవర్ సొట్టలు కర్ర సుత్తితో మెల్లగా తీశాడు. విప్పిన ప్రతి భాగం దగ్గరా, ఎంత మంచి పని చేశారురా మీరు అని ఊరూ పేరూ తెలియని ఆ హాలండ్ వాళ్లను మెచ్చుకున్నాడు. నాలుగో రోజు ముందు చక్రం పట్టాడు. పాత స్పోకులు కోసేసి, చౌరస్తా నుంచి కొత్త రిమ్ము తెప్పించి అల్లడానికి కూర్చున్నాడు. టీ తాగుతూ, దారిన పోయేవాళ్లను పలకరిస్తూ, హబ్బు వైపు చూడకుండానే అల్లుకుపోయాడు. రిమ్ములో రంధ్రాలన్నీ నిండాయి. హబ్బులో మాత్రం నాలుగు మిగిలాయి.

ముందు రిమ్ము అమ్మినవాణ్ని తిట్టాడు. తరవాత ఆ రిమ్ము చేసిన కంపెనీని తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ దొరక్క లెక్కపెట్టాడు. రిమ్ముకు ముప్పై రెండు రంధ్రాలు, హబ్బుకు ముప్పై ఆరు.

మన సైకిళ్లకు ముందు చక్రానికి ముప్పై రెండు స్పోకులు, వెనక చక్రానికి నలభై. కొమురెల్లి పుట్టినప్పటి నుంచి ముట్టుకున్న పెద్ద సైకిళ్లన్నీ అవే. లెక్కపెట్టడం పని నేర్చుకునేవాళ్లకే గాని తనకెందుకు? అందుకే మొదటి రోజు వెనక చక్రం నలభై స్పోకులతో కనపడితే ఆయన కంటికి ఏ తేడా తోచలేదు. అది ఇంట్లో మనిషిలా అనిపించింది. ముందు చక్రం ముప్పై ఆరుతో పుట్టిన సైకిల్‌కు వెనక చక్రం నలభైతో ఎందుకుంటుంది?

స్రవంతికి ఫోన్ చేసి ఆ లెక్క చెప్పాడు. ఆ పిల్ల అప్పటికే ఫోటోలు తీసి, హాలండ్‌లో పాత సైకిళ్లు దాచుకునే వాళ్ల ఆన్‌లైన్ గుంపు ఒకదానిలో పెట్టింది, ఈ లెక్క కూడా అక్కడే అడిగింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఇలాంటి సైకిళ్లకు తమ దగ్గర ముందూ వెనకా ముప్పై ఆరేనని, ఆ మూడు గేర్ల హబ్బు ఇంగ్లండుదని, ఎవరో తరవాత వేసి ఉంటారని. అంటే అరవై ఒకటి అన్నది ఆ చక్రం వయసు. సైకిల్ వయసు కాదు.

కొమురెల్లి లేచి ఫ్రేము దగ్గరికి వెళ్లాడు. మెడ మీద ఉబ్బుగా ఉన్న చోట రంగు తీసే మందు పూసి, రేకుతో గీకితే లోహానికి గీత పడుతుందని వెదురు ముక్కతో గీకాడు. పచ్చ రంగు ముద్దలా ఊడొచ్చింది. దాని కింద ఇత్తడి. కంపెనీ పేరు లేదు. ఏదో తెలియని భాష, ఆ భాషలో నాలుగు మాటలు, వాటితో పాటు 1938, 1939 అన్న అంకెలు. బిళ్ళ చుట్టూ పచ్చ రంగు కింద నల్ల రంగు. ఫోటో పంపితే హాలండ్ వాళ్లు ఎగిరి గంతేశారు. ఒకప్పుడు తమ దేశంలో సైకిల్‌కు పన్ను ఉండేదట, కట్టినవాళ్లకు ఏటా ఇత్తడి బిళ్ళ ఇచ్చేవారట, నలభై ఒకటిలో ఆ పన్నే పోయిందట. ఆ బిళ్ళ ఉందంటే ఈ సైకిల్ ముప్పై తొమ్మిదికి ముందే అక్కడి రోడ్ల మీద తిరిగిందన్న మాట.

ఇంకో సంగతి చెప్పడానికి హాలండ్ వాళ్లు అక్కర్లేదు. సైకిల్ తెచ్చిననాటి నుంచి పచ్చగానే ఉందని రాజమల్లే అన్నాడు. పచ్చ రంగు కింద మునిగిపోయిన ఇత్తడిని తోమాలంటే ఆ రంగు వేయకముందే సైకిల్ చేతిలో ఉండాలి.

స్రవంతి సంబరంగా "నేను బాపమ్మకు చెప్త కాకా," అంది. "నువ్వు ఫికర్ చెయ్యకు. హబ్బు జూసి ఎవరైనా గట్లనే అనుకుంటరు."

కొమురెల్లికి ఆ దారి చాలా నచ్చింది. ఒక నిమిషం సేపు. నలభై ఐదేళ్లలో సైకిల్ విషయంలో తప్పు చెప్పానని ఆయన ఎవరి ముందూ అనలేదు. అనాల్సిన అవసరమూ రాలేదు. కానీ ఆ మాట తన నోటి నుంచి వచ్చింది గనకే ముసలామె నోరు మూతపడింది. అందరి ముందు అన్న మాటను ఫోన్లో వెనక్కి తీసుకోవడం మెకానిక్ పని కాదనిపించింది.

"నువ్వు చెప్పకు బిడ్డా," అన్నాడు. "నేనొచ్చి చెప్త. ఆనాడు ఉన్నోళ్లందరు ఉండాలె."

తరవాత పదిరోజులూ ఆయన మీద ఏదో పూనినట్టు పనిచేశాడు. ముప్పై ఆరు రంధ్రాల రిమ్ము కోసం హన్మకొండలో పాత సామాను దుకాణాలన్నీ జల్లెడ పట్టాడు. ఫ్రేముకు నల్ల ఎనామిల్ నాలుగు పూతలు వేశాడు. ఇత్తడి బిళ్ళను మాత్రం తను తోమలేదు, అది సమ్మమ్మ చేతులకే వదిలేశాడు. ఇంగ్లండు చక్రాన్ని మార్చలేదు, దాన్నీ అద్దంలా మెరిపించాడు. పని పూర్తయ్యాక దుకాణం ముందు నిలబెడితే, బండి ఆపి చూడకుండా పోయినవాళ్లు లేరు. తన చేతుల్ని తనే మెచ్చుకోవడం కొమురెల్లికి అలవాటే. ఈసారి మాత్రం ఆ హక్కు తనకు ఇంకా రాలేదనుకున్నాడు.

ఆదివారం పొద్దున సైకిల్‌ను కాశిబుగ్గ నుంచి కొత్తవాడ దాకా తొక్కకుండా నడిపించుకుంటూ వెళ్లాడు. వరండాలో అందరూ ఉన్నారు. పేరు రాయడానికి బోర్డులు రాసే ఎల్లస్వామి కూడా తెల్ల రంగు డబ్బాతో వచ్చాడు. నల్లగా మెరుస్తున్న సైకిల్‌ను చూసి సమ్మమ్మ మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించింది.

కొమురెల్లి ఆమె ముందు నిలబడ్డాడు. "పెద్దమ్మా, ఆనాడు నేను తప్పు చెప్పిన," అన్నాడు, వాడ వాళ్లకు కూడా వినపడేంత గట్టిగా. "నేను చూసింది చక్రం వయసు. సైకిల్ ముప్పై తొమ్మిదికంటె ముందుది. నువ్వు చెప్పిన బిళ్ళ ఉన్నది, నువ్వు చెప్పిన నల్ల రంగున్నది. నువ్వు చెప్పింది చెప్పినట్టున్నది. నాకే లెక్కపెట్టుడు రాకపాయె."

రాజమల్లు కుర్చీలోంచి లేచి వచ్చి వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. వేలితో రిమ్ము చుట్టూ తడిమాడు.

"చక్రం," అన్నాడు. "మేం తెచ్చింది చక్రం వదినె. కాజీపేటల రైల్వే గార్డు సాబు బండిది. అన్న భుజానికి ఏసుకున్నడు, నేను ఎంబడి నడిచిన. చక్రమే తెచ్చినం." ఎనిమిదేళ్ల పిల్లవాడి జ్ఞాపకంలో ఒక్క చక్రం అరవై ఏళ్లలో మొత్తం సైకిల్ అయిపోయింది. "నేను అబద్ధమాడలే వదినె."

"నాకెరుక," అంది సమ్మమ్మ. "నిన్ను సాదింది నేనే కద."

ఎల్లస్వామి కుంచె తడిపి చైన్ కవర్ ముందు కూర్చున్నాడు. "పేరు చెప్పుండ్రి," అన్నాడు. స్రవంతి నోరు తెరిచేలోపే సమ్మమ్మ వచ్చి కుంచె కోసం చెయ్యి చాపింది. ఎల్లస్వామి ఎనభై దుకాణాల బోర్డులు రాసినవాడు, ఇవ్వబుద్ధి కాలేదు. ఇచ్చాడు. ఆమె సైకిల్ పక్కన మెల్లగా కింద కూర్చుంది. డబ్బా అందకపోతే రాజమల్లు దాన్ని ఎత్తి, రెండు చేతులతో ఆమె దగ్గర పట్టుకున్నాడు.

మొదటి అక్షరం పెద్దదైంది, చివరికి వచ్చేసరికి చోటు సరిపోక చిన్నదైంది. ఒత్తు దగ్గర రంగు కారింది. ఎల్లస్వామి తుడవబోతే కొమురెల్లి ఆయన చెయ్యి పట్టి ఆపాడు. సమ్మమ్మ వెనక్కి వాలి, రాసినదాన్ని చూసుకుని, మరిది వైపు తిరిగింది.

"సదువు."

"సమ్మమ్మ," అన్నాడు రాజమల్లు.

"గట్టిగ."

డెబ్బై రెండేళ్ల రాజమల్లు రంగు డబ్బా పట్టుకునే, వాడకట్టంతా వినేలా చదివాడు.